మా ట్రాలీ మీద ఆకాశరామన్న ఉత్తరం

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా బండికి చార్జింగ్ ప్లగ్గు పెట్టనివ్వకూడదంటూ అసోసియేషన్‌కు ఆకాశరామన్న ఉత్తరం రాసింది నేనే. మా ఎదుగుదల చూసి ఓర్వలేనివాళ్ళే రాశారని అమ్మ ఇప్పటికీ నమ్ముతోంది. ఆ ఓర్వలేనివాళ్ళ కళ్ళు పడకూడదని ఆదివారం ఆదివారం ఇంట్లో అందరికీ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంది. నా వంతు వచ్చినప్పుడు అందరికంటే బుద్ధిగా కళ్ళు మూసుకుని నిలబడతాను. మంటలో వేసిన మిరపకాయలు ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టట. నాకు తిప్పినవి ఎప్పుడూ ఘాటు రావు. అమ్మ నా వైపు జాలిగా చూస్తుంది.

బండి అంటే కరెంటుతో నడిచే పికప్ ట్రక్కు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి. హైదరాబాద్‌లో ఇలాంటివాటిని ట్రాలీ అంటారు. మా బండికి ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఉంది, చప్పుడు లేదు.

నాన్న అమీర్‌పేటలో హాస్టళ్ళకు మంచాలు, పరుపులు సరఫరా చేస్తాడు. కుర్రతనంలో గోదావరి వైపు నుంచి కంప్యూటర్ కోర్సు నేర్చుకుందామని ఇక్కడికి వచ్చాడు. హాస్టల్లో తను పడుకున్న ఇనప మంచం విరిగితే వెల్డింగ్ చేయించి తెచ్చాడు. పక్క గదివాళ్ళు మాదీ చేయించమన్నారు, ఆ పక్క హాస్టల్ ఓనరు మాకూ కావాలన్నాడు. అలా కోర్సు మధ్యలో ఆగిపోయింది. ఆయనకు కంప్యూటర్ రాలేదు గానీ, ఈ చుట్టుపక్కల కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళలో సగంమంది ఆయన మంచాల మీదే నిద్రపోయారు.

కోచింగ్ సెంటర్లలో కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా ముగ్గురు ఉండే గదిలో నాలుగో మంచం పడుతుంది. ఆ మంచం ఆ రోజే చేరాలి. రేపు చేరితే కొత్తగా వచ్చిన పిల్ల వేరే హాస్టల్‌కు వెళ్ళిపోతుంది, ఓనరు మనకు మళ్ళీ ఫోన్ చెయ్యడు. ఇదీ మా వ్యాపారం. దానికోసం ఉన్న డీజిల్ ట్రాలీ ముసలిదైపోయి, కిందటేడు నాన్న దాన్ని తీసేసి ఈ కరెంటు బండి కొన్నాడు.

గుడి దగ్గర బండి పూజ నాడే అది తన బుద్ధి చూపించింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. హారతి అయ్యాక పూజారి గారు, "ఇక స్టార్ట్ చేయండి," అన్నారు.

"చాలూనే ఉన్నది పంతులు గారూ," అన్నాడు మా డ్రైవర్ అన్న. పుట్టి పెరిగింది ఇక్కడే. పదేళ్ళుగా నాన్న దగ్గర చేస్తున్నాడు.

"ఏదీ, శబ్దం రాలేదే?"

"గింతే దీనికి. సప్పుడుండది."

పూజారి గారు నమ్మలేదు. ఒక నిమ్మకాయ పక్కకు జరిగిందని సరిచేయడానికి వంగారు. అన్న కాలు ఎక్కడ పెట్టాడో, బండి గాలి కదిలినట్టు కదిలి, ఆయన వేళ్ళకు జానెడు దూరంలో కాయను చిదిమేసింది. రసం పంచె మీద పడింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, అక్కడినుంచే "శుభం" అన్నారు.

తిరిగి వస్తూ అన్న మొహం మాడ్చుకున్నాడు. "సార్, గిది బండేనా? మిక్సీ లెక్కున్నది. గల్లీలల్ల ఒక్కడన్న జరుగుతడా? వెనక బండొస్తున్నదని ఎవనికి తెలుస్తది?"

"హారన్ ఉందిగా," అన్నాడు నాన్న.

"హారన్ కొట్టి కొట్టి నా బొటనేలు పోతది. గప్పుడు మీరే తోలుకోవాలె."

మా నాయనమ్మ దానికి మూగబండి అని పేరు పెట్టింది. ఇంట్లో నన్ను కూడా మూగపిల్ల అనే అంటుంది. ఇద్దరికీ పేర్లు కలిశాయని మా తమ్ముడు వారం రోజులు నవ్వాడు.

ఇంటి దగ్గర బండికి ప్లగ్గు లేదు. నాన్న మంచాలు పెట్టే షెడ్డులో ఒక బల్బు వెలిగేంత కరెంటే ఉంది. పంజాగుట్టలో ఒక షాపింగ్ కాంప్లెక్స్ కింద, సెల్లార్‌లో, చార్జింగ్ పాయింట్లు రెండు ఉన్నాయి. గంటన్నర పెడితే మళ్ళీ పొద్దుపోయేదాకా తిరగడానికి సరిపోతుంది. అయితే ఆ గంటన్నరా ఎవరో ఒకరు బండి దగ్గరే ఉండాలి. లేకపోతే వెనక వరసలో ఉన్న క్యాబ్ డ్రైవర్లు మన బండికి పెట్టిన చార్జింగ్ గన్ పీకేసి వాళ్ళ కారుకు పెట్టేసుకుంటారు. అన్న మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి తిని ఓ కునుకు తీసే మనిషి. పైగా ఆ యాప్, ఆ ఓటీపీ తన వల్ల కాదన్నాడు. తమ్ముడికి క్లాసులు. నాన్న ఇల్లంతా కలియజూసి నా దగ్గర ఆగాడు.

"నువ్వు ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్."

డిగ్రీ అయింది, అమీర్‌పేటలో అందరూ చేసే కోర్సు నేనూ చేశాను, ఉద్యోగం పిలుపు కోసం చూస్తున్నాను. దీన్ని మా ఇంట్లో ఖాళీ అంటారు. లైసెన్స్ ఉంది కానీ ఎప్పుడూ నడిపింది లేదు. ఈ బండికి క్లచ్ లేదు, గేర్లు లేవు. ఆదివారం పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు అన్న పక్కన కూర్చుని రెండు సార్లు తిప్పించాడు. "అయిపాయె చెల్లె. స్కూటీ కన్న అల్కగున్నది," అని తేల్చేశాడు. నలుగురి ముందు నోరు విప్పలేని నేను అలా మంచాల బండి తోలుతూ పంజాగుట్ట వంతెన కిందుగా వెళ్ళడం మొదలుపెట్టాను.

అక్కడ నాకు దొరికిందేమిటో చెప్పాలంటే మా ఇల్లు గురించి చెప్పాలి. రెండు పడగ్గదుల్లో ఏడుగురం. కోచింగ్ కోసం ఊరినుంచి వచ్చిన పెదనాన్న కూతుళ్ళు ఇద్దరు ఎప్పుడూ ఉంటారు. వీళ్ళు వెళ్తే ఇంకో ఇద్దరు వస్తారు. అంతమందికి మంచాలు సప్లై చేసే ఇంట్లో నేను పడుకునేది హాల్లో చాప మీద. పుస్తకం పట్టుకుంటే మొదటి ప్రశ్న, "ఏం పరీక్ష?" పరీక్ష కాదంటే రెండో ప్రశ్న, "మరెందుకు?" నవలలు నేను కోచింగ్ మెటీరియల్ మధ్యలో పెట్టుకుని చదివేదాన్ని. డైరీ బియ్యం డబ్బా వెనక ఉండేది.

బండి క్యాబిన్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. సామాన్ల బండిలో కూర్చున్న మనిషిని ఎవరూ చూడరు. బండిని చూస్తారు, అడ్డం తీయమంటారు, అంతే. సెల్లార్ చల్లగా ఉండేది. గన్ పెట్టగానే చిన్న ఆకుపచ్చ లైటు మిణుకుమనేది. సీటు వెనక్కి వాల్చి, చెప్పులు విప్పి, కాళ్ళు పక్క సీటు మీద పెట్టి పుస్తకం తెరిచేదాన్ని. కొన్నాళ్ళకు నాకు పేజీలకూ బ్యాటరీకీ లెక్క కుదిరింది. మామూలు అధ్యాయానికి పన్నెండు శాతం ఎక్కేది. ప్రకృతి వర్ణనలు ఎక్కువుంటే పదిహేను.

ఎనభై శాతం ఎక్కితే మా తిరుగుళ్ళకు చాలు. ఆ పైన ఇరవై నెమ్మదిగా ఎక్కుతుంది, అది బ్యాటరీ గుణం. నేను ఆ ఇరవై కోసం కూర్చునేదాన్ని. అదీ అయ్యాక పక్క క్యాబ్ అన్న అద్దం మీద తట్టేవాడు.

"అక్కా, నూరైంది. తీయరాదు జర."

"ఒక్క నిమిషం అన్నా."

"గా నిమిషం ఎన్ని పేజీలుంటదో చెప్పు. చాయ్ తాగొస్త."

ఇంటికి వచ్చి, "క్యూ ఉంది నాన్నా," అనేదాన్ని. గంటన్నర రెండు గంటలయింది, రెండు గంటలు రెండున్నర.

జూన్‌లో పాపం పండింది. మధురానగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు ఆ సాయంత్రం పదహారు మంచాలు చేరాలి. నేనేమో నవల చివరి యాభై పేజీల్లో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. నేను పుస్తకం మూసేసరికి నాన్నవి పదకొండు కాల్స్. బండి షెడ్డుకు చేరి, మంచాలు ఎక్కి, మధురానగర్ వెళ్ళేసరికి కొత్తగా వచ్చిన పిల్లలు వరండాలో సూట్‌కేసుల మీద కూర్చుని, తెచ్చుకున్న జంతికలు తింటున్నారు. హాస్టల్ ఆవిడ నాన్నను ఏమీ అనలేదు. "ఏం సార్, మంచాలు నడుచుకుంటూ వచ్చినాయా?" అని మాత్రం అడిగింది. నాన్నకు అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

"క్యూ," అన్నాను.

"పంజాగుట్టను నమ్ముకుని వ్యాపారం చేయలేం," అన్నాడు నాన్న. "మన సెల్లార్‌లోనే ప్లగ్గు పెట్టించేస్తా. రాత్రి పెడితే పొద్దున్నకి నిండిపోద్ది. నీక్కూడా ఈ తిరుగుడు తప్పుద్ది."

ఆ రాత్రే కాగితం రాసి అసోసియేషన్ సెక్రటరీ గారికి ఇచ్చాడు. నేను చాప మీద పడుకుని ఫ్యాన్ వైపు చూశాను. తిరుగుడు తప్పుతుంది. క్యాబిన్ పోతుంది. మళ్ళీ "ఏం పరీక్ష?"

నాన్నకు నిజం చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఏమని? చదువుకోవడానికి నాకు మీ బండి కావాలి అనా? చెప్పగలిగిన పిల్లనైతే నాకు డైరీ ఎందుకు?

అలా ఉత్తరం పుట్టింది. ఒక మధ్యాహ్నం అదే క్యాబిన్‌లో, అదే బండి చార్జింగ్ అవుతుండగా, ఫోన్‌లో రాశాను. "ఈ భవన శ్రేయస్సు కోరే ఒక నివాసి" అని మొదలుపెట్టాను. బండి చార్జింగ్‌కు పెడితే లిఫ్టు ఆగిపోయే ప్రమాదం ఉందన్నాను. ఊరూ పేరూ తెలియని బండ్లు కూడా వచ్చి ఇక్కడ చార్జింగ్ పెట్టుకుంటాయన్నాను. గత గురువారం మధ్యాహ్నం ఆ బండి పిల్లిలా వచ్చి, సెల్లార్‌లో ఆడుకుంటున్న పిల్లలను హడలగొట్టిందని కల్పించాను. చివర్లో నాకే ముచ్చటేసిన వాక్యం ఒకటి పడింది: "నేడు ప్లగ్గుకు జాగా ఇచ్చిన చేతులే రేపు పరుపులకు జాగా ఇవ్వవలసి వచ్చును." దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

ప్రింటు తీయడానికి, మా వీధిలో కాకుండా, మెట్రో స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపుకు వెళ్ళాను. షాపతను స్క్రీన్ మీద మొత్తం చదివాడు.

"కంప్లైంటా మేడం? ఎవరి మీద?"

"బండి మీద."

"బండేం జేసింది మేడం మిమ్మల్ని? ... మస్తు రాసిండ్రు గని. రెండు కాపీలు తీయాల్నా?"

ఒకటి అసోసియేషన్ డబ్బాలో వేశాను. రెండోది డైరీలో పెట్టుకున్నాను.

సెక్రటరీ గారు ఒక మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. బిల్డింగ్‌లో అందరూ టీచర్ గారు అంటారు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మీటింగ్ అయ్యేదాకా నోటీసు బోర్డులో ఉంచడం ఆవిడ పద్ధతి, ఏదీ దాచలేదని అందరికీ తెలియడానికి. ఆ పద్ధతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆవిడ చదివి, ఊరికే తల ఊపి, నాన్నతో కుదరదని మెల్లగా చెప్పేస్తారనుకున్నాను. నా ఉత్తరం నాన్న కాగితం పక్కనే, గాజు అద్దం వెనక ప్రత్యక్షమయింది.

రెండు రోజుల్లో బిల్డింగ్ మొత్తానికి నా వాక్యం నోటికి వచ్చేసింది. లిఫ్టులో రెండో అంతస్తు ఆంటీ నా ముందే పక్కావిడతో, "నేడు ప్లగ్గు, రేపు పరుపులు... ఎంత చక్కగా చెప్పారండీ," అంది. నేను చెప్పుల వైపు చూశాను. సిగ్గుతో అనుకుంది. సగం నిజం.

అందరూ అది మూడో అంతస్తు అంకుల్ రాశారనే నిర్ణయించేశారు. ఆయన లక్డీకాపూల్‌లో ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంట్‌గా చేశారు. సర్వీసంతా కిందివాళ్ళు రాసిన డ్రాఫ్టులను ఎర్ర సిరాతో దిద్దారు. ఇప్పుడు దిద్దడానికి ఏమీ లేక లిఫ్టులో అతికించిన కాగితాలు దిద్దుతుంటారు. ఎవరైనా, "మీరేనా అండీ?" అంటే, ఆయన కాదని అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

నాన్న బోర్డు ముందు నిలబడి ఉత్తరం మొత్తం చదివాడు. ఇంటికి వచ్చి అన్నంలో పప్పు కలిపిందే కలిపాడు.

"పాతికేళ్ళ నుంచి ఉంటున్నాం ఈ చుట్టుపక్కల. పిల్లల్ని హడలగొట్టే బండట," అన్నాడు చివరికి. "అడుక్కోవడం నా వల్ల కాదు. ఆదివారం మీటింగులో వద్దంటే, సోమవారం బేగంపేట నుంచి ఒకతన్ని రమ్మన్నా. బండి చూసుకుని తీసుకుపోతాడు. మళ్ళీ ఆ పాత డీజిల్ డొక్కే ఏదో ఒకటి."

"మంచిది," అంది నాయనమ్మ. "చప్పుడన్నా వస్తుంది."

ప్లగ్గు రాకూడదని రాశాను. బండే పోతుందని అనుకోలేదు. క్యాబిన్ సంగతి అటుంచి, ఆ బండి కొన్న రోజు నాన్న రెండు సార్లు కిందికి దిగి దాన్ని ఊరికే చూసి వచ్చాడు. నేను బాల్కనీ నుంచి చూశాను, డైరీలో రాసుకున్నాను కూడా.

బండికి అనుకూలంగా ఇంకో ఆకాశరామన్న ఉత్తరం రాద్దామా అనుకున్నాను. మొదటి రెండు వాక్యాలు రాసి చెరిపేశాను. లోకంలో ఏ ఆకాశరామన్నా ఎవరినీ మెచ్చుకుంటూ ఉత్తరం రాయడు. అలాంటిది వస్తే మా ఇంట్లోంచే వచ్చిందని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

ఆదివారం టీచర్ గారు చర్చి నుంచి నేరుగా సెల్లార్‌కు వచ్చారు. మీటింగు ఎప్పుడూ పదకొండున్నరకు పెడతారు. అందరికీ ఆకలి వేసే వేళ కాబట్టి త్వరగా తేలుతుందని ఆవిడ అనుభవం. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మా బండి లిఫ్టు వెనక తన జాగాలో నిలబడి ఉంది. అన్న దానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. నాన్న మొదటి వరసలో, తెల్ల చొక్కా. నేను చివరి వరసలో, స్తంభం పక్కన.

టీచర్ గారు నాన్న కాగితం చదివారు. తర్వాత నా ఉత్తరం చదివారు, క్లాసులో పాఠం చదివినట్టు, కామాల దగ్గర ఆగి. నా రాతను ఒకరు పైకి చదవగా వినడం అదే మొదటిసారి.

"పేరు లేని ఉత్తరంతో వాదించడం నాకు చేతకాదు," అన్నారు ఆవిడ కాగితం మడుస్తూ. "ఇది మాదే అనుకునేవాళ్ళెవరైనా ఉంటే, లేచి మాట్లాడొచ్చు."

అంకుల్ గొంతు సవరించుకున్నారు. "ఎవరు రాస్తే ఏముందండీ. నేనే రాశాననుకోండి. విషయం ముఖ్యం."

కుర్చీలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"భాష చూడగానే అనుకున్నానండీ మీరేనని," అంది రెండో అంతస్తు ఆంటీ.

"ఏదో లెండి. సర్వీసులో తిరిగిన చెయ్యి," అన్నారు ఆయన. "ఆ పరుపుల వాక్యం మాత్రం, రాసినప్పుడు నాకే బాగుందనిపించింది."

నా చెవులు కాలిపోయాయి. ఆ వాక్యం నేను పంజాగుట్ట సెల్లార్‌లో, డెబ్బై మూడు శాతం దగ్గర రాశాను. "వలసి వచ్చును" అని మార్చడానికి మరో రెండు శాతం పట్టింది. నాన్న బండి కోసం లేచానని చెప్పుకోవడం నాకు గౌరవంగా ఉంటుంది. నిజం రాస్తున్నాను కాబట్టి రాస్తాను: మొదట నన్ను లేపింది ఆ వాక్యం.

లేచాక గాని లేచానని తెలియలేదు. నాన్న వెనక్కి తిరిగి, నేను మంచినీళ్ళ కోసం లేచాననుకుని సీసా చూపించాడు.

"అంకుల్, ఒక డౌట్," అన్నాను. గొంతు ఎవరిదో లాగా వచ్చింది. "లిఫ్టు ఆగిపోతుందని రాశారు. లిఫ్టుది కామన్ మీటరు. మా ప్లగ్గు మా ఫ్లాట్ మీటరు నుంచి వస్తుంది. ఇది నడిస్తే అది ఎలా ఆగుతుంది?"

"అది... లోడ్ అమ్మా. మొత్తం మీద లోడ్."

"ఒక గీజరు లాగేంత అంకుల్. పొద్దున్నే ఇరవై నాలుగు ఫ్లాట్లలో గీజర్లు వేస్తున్నాం. లిఫ్టు ఆగడం లేదు."

"గీజరు మీద నడుస్తదా సార్ మన బండి," అన్నాడు వెనకనుంచి అన్న, నాన్నతో. "మరి చెప్పరైతిరి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు నా చేయి పట్టుకున్నట్టయింది. ఆ ఉత్తరంలో ఎక్కడ పలుచగా ఉందో, ఎక్కడ నొక్కితే ఊడుతుందో నాకంటే ఎవరికి తెలుసు? ఇతరుల బండ్లు వస్తాయన్నారు కదా, ప్లగ్గుకు ఇనప పెట్టె, తాళం పెడతామన్నాను. తాళంచెవి ఒకటి టీచర్ గారి దగ్గర ఉంటుందన్నాను. ఇది నాన్నకు కూడా అప్పుడే తెలిసింది.

"గురువారం మధ్యాహ్నం పిల్లల్ని హడలగొట్టిందని రాశారు," అన్నాను. "ఎన్ని గంటలకు అంకుల్?"

ఆయన పైకప్పు వైపు చూశారు. "మూడు... మూడున్నర మధ్య. నేను కళ్ళారా చూశాను."

"గురువారం మూడున్నరకు బండి పంజాగుట్టలో చార్జింగ్‌లో ఉంది. నేను అందులోనే కూర్చున్నాను. యాప్‌లో టైము ఉంటుంది, చూపించమంటారా?"

"గురువారమో, బుధవారమో. అలా పట్టుకుంటే ఎలాగమ్మా? డ్రాఫ్టులో చిన్న చిన్నవి దొర్లుతాయి."

"బుధవారం కూడా అక్కడే ఉంది."

"ఆ టైమ్‌లో పిల్లలు స్కూల్లో ఉంటారు కదండీ," అంది రెండో అంతస్తు ఆంటీ, ఇప్పుడే తట్టినట్టు. నాకూ అప్పుడే తట్టింది. కల్పించేటప్పుడు ఆలోచించలేదు.

అంకుల్ కళ్ళజోడు తీశారు. ఈసారి తుడుచుకోలేదు.

"మరి పరుపుల సంగతి?" అన్నారు టీచర్ గారు, నా వైపే చూస్తూ. "అదొక్కటీ మిగిలింది. దానికి జవాబు ఉందా?"

ఆ ఉత్తరంలో ఉన్న ఒకే ఒక్క నిజం అది. వానాకాలం షెడ్డు కారుతుందని, ప్లగ్గు వచ్చాక బండి వెనక ఓ పది పరుపులు మెల్లగా సర్దొచ్చని నాన్న ఫోన్‌లో ఎవరితోనో అనగా నేను విన్నాను. ఆ వాక్యం అంత బలంగా పడటానికి కారణం అదే.

"పరుపులు పెట్టం టీచర్ గారూ," అన్నాను. "ఒక్కటి కూడా. నాన్న రాసిస్తారు."

నాన్న మెడ ఎర్రబడింది. ఇరవై నాలుగు ఫ్లాట్లు ఆయన వైపే చూస్తున్నాయి. "రాసిస్తానండీ," అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

పన్నెండుంపావుకు టీచర్ గారు చేతులు ఎత్తమన్నారు. ఎక్కువ చేతులే లేచాయి. అంకుల్ చెయ్యి కూడా లేచింది. "నేను వ్యతిరేకినని ఎవరన్నారు? షరతులు లేకుండా వద్దన్నాను, అంతే," అన్నారు. ఆవిడ ఆయన పేరు కూడా అనుకూలంలో రాసుకున్నారు.

నాన్న అక్కడికక్కడే బేగంపేట మనిషికి ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు. అన్న బండి తలుపు మీద అరచేత్తో చరిచాడు. "చెల్లె, నీకు గొంతున్నదని నాకు గియాల్నే తెలిసింది. దీనికి సుత ఎప్పుడన్న ఒకనాడు వస్తదేమో," అన్నాడు.

పది రోజుల్లో ప్లగ్గు బిగించారు. బండి ఇప్పుడు ఇంట్లోనే నిండుతుంది, తెల్లారేసరికి మధురానగర్ వైపు వెళ్ళిపోతుంది. పంజాగుట్ట మధ్యాహ్నాలు పోయాయి. ఆ యాప్ మాత్రం ఫోన్‌లో ఉంచుకున్నాను. అప్పుడప్పుడు తెరిచి, నా పేరు మీద ఉన్న పాత గంటలన్నీ చూసుకుంటాను. ఏ తారీఖున ఏ పుస్తకమో నాకు గుర్తే.

ఆ ఆదివారం మీటింగు ముగిశాక నాన్న నన్ను కుర్చీల మధ్య ఆపాడు. "పరుపుల సంగతి ఆ ఉత్తరం రాసినాయనకు ఎలా తెలిసిందంటావ్?"

"మీరు ఫోన్‌లో గట్టిగా మాట్లాడతారు నాన్నా."

ఆయన జేబులో ఫోన్ తడుముకున్నాడు. "అవును," అని ఒప్పుకుని, రాసిచ్చే కాగితం కోసం టీచర్ గారి వెంట వెళ్ళాడు.

నేను లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకునే ముందు అంకుల్ కూడా ఎక్కారు. తప్పించుకోవడానికి లేదు. మూడు నొక్కారు, నాకోసం నాలుగు కూడా నొక్కారు. మొదటి అంతస్తు దాటేదాకా ఇద్దరం ఆ బొత్తాల వైపే చూశాం. ఆయన మొహంలో కోపం లేదు, అలసట ఉంది. అంత పెద్దమనిషిని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. క్షమించమందామని నోరు తెరిచాను. నా నోరు ఎప్పటిలాగే పనిచెయ్యలేదు.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆయన బయటికి దిగి, మూసుకోబోతున్న తలుపుకు చెప్పు అడ్డం పెట్టి, వరండా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఆ ఉత్తరం నేను రాయలేదమ్మా. నీకొక్కదానికే చెబుతున్నాను, మీ నాన్నగారితో కూడా అనకు. రాసిందెవరో గానీ, ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో అలాంటి డ్రాఫ్టు నా టేబుల్ మీదికి ఒక్కటి రాలేదు."